పాత అమెరికా పబ్లిసిటీ ఫోటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో ఆదివారం పూట పాత సామాన్ల సంతకు వెళ్ళడం అలవాటైంది. అక్కడ అట్టపెట్టెల్లో రెండు మూడు డాలర్లకు దొరికే నలుపు తెలుపు ఫోటోలతో నాకీ పిచ్చి మొదలైంది. ఇప్పుడు విజయవాడలో మా ఇంట్లో అలాంటివి నాలుగు పెట్టెలున్నాయి. వాటి గురించి ఎప్పుడు రాసినా అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒక్కచోట పెడుతున్నాను. ఇదంతా సుమారు 1910 నుంచి 1950ల దాకా అమెరికాలో సినిమా కంపెనీలు, నాటకశాలలు, ఫ్యాక్టరీలు జనానికి చూపించడానికని తీయించిన ఫోటోల సంగతి.

చదివే ముందు ఒక్క మాట. ఇలాంటి ఫోటో చేతికొస్తే ముందు దాన్ని తిప్పి వెనకవైపు చూడండి. ఎందుకో కింద చాలాచోట్ల తెలుస్తుంది.

పబ్లిసిటీ ఫోటోకీ మామూలు ఫోటోకీ తేడా ఏమిటి?

డబ్బు పెట్టిందెవరు, ఎందుకు పెట్టారు అన్నదే తేడా. కంపెనీ తన ఖర్చుతో తీయించి, ప్రింట్లు వేయించి, పత్రికలకు ఉచితంగా పంచేది. అచ్చు వేయడానికి బాగుంటుందని 8 బై 10 అంగుళాల సైజులో మెరిసే కాగితం మీద వేసేవారు. అందులోనే చాలా రకాలు. సినిమా సెట్ మీద తీసినవి, స్టూడియో గ్యాలరీలో లైట్లు పెట్టి తీసిన పోర్ట్రెయిట్లు, నటి తన ఇంట్లో వంట చేస్తున్నట్టో కుక్కతో ఆడుకుంటున్నట్టో తీసినవి, అభిమానులకు పోస్టులో పంపే చిన్న సైజువి. థియేటర్ బయట పెట్టడానికి 11 బై 14 అంగుళాల రంగు కార్డులు వేరే ఉండేవి. సాధారణంగా ఒక్కో సినిమాకు ఎనిమిది. మన ఊళ్ళల్లో హాలు ముందు అద్దాల పెట్టెలో ఫోటోలు పెట్టేవాళ్ళు, గుర్తుందా? ఇంచుమించు అదే పని.

స్టిల్ అంటే సినిమా రీల్లోంచి కత్తిరించిన బొమ్మే కదా?

కాదు. ఈ పొరపాటు చాలామంది పడతారు. సినిమా ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. అందులో ఒక బొమ్మ మీ బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది, అంతే. దాన్ని పత్రికలో పెద్దగా వేస్తే అలికేసినట్టు ఉంటుంది. అందుకని సెట్ మీద స్టిల్ ఫోటోగ్రాఫర్ అని విడిగా ఒక మనిషి ఉండేవాడు. డైరెక్టర్ షాట్ ఓకే అనగానే నటులు అక్కడే ఆగి, అదే సన్నివేశాన్ని ఇతని కోసం మళ్ళీ పట్టి నిలబడేవారు. స్టాండు మీద ఉన్న పెద్ద కెమెరా, దాని వెనక నల్లగుడ్డ, ఫోటోకొక ప్లేటు. 8 బై 10 నెగటివ్ అంటే నెగటివే ప్రింటంత పెద్దది. కాబట్టి ఎన్‌లార్జ్‌మెంట్ అవసరం లేకుండా కాగితాన్ని నెగటివ్‌కి ఆనించి ప్రింటు వేసేవారు. నటి కనురెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండేది అందుకే.

ఇందులో ఇంకో సంగతి ఉంది. స్టిల్‌లో ఉన్న నిలబడే తీరు, కెమెరా కోణం సినిమాలో ఎక్కడా ఉండకపోవచ్చు. ఎడిటింగ్‌లో పోయిన సన్నివేశం కూడా స్టిల్‌లో మిగిలి ఉండొచ్చు. సినిమా చూసి "ఈ సీను లేదే!" అని కంగారు పడకండి.

ఈ పద్ధతి ఎప్పుడు మొదలైంది?

సినిమాకన్నా ముందే. న్యూయార్క్‌లో నెపోలియన్ సరోనీ అనే ఫోటోగ్రాఫర్ రంగస్థల నటుల ఫోటోలు తీసి, అట్టకు అంటించి అమ్మేవాడు. 1882లో ఆస్కార్ వైల్డ్ అమెరికా వచ్చినప్పుడు తీసిన ఫోటోను ఒక అచ్చు కంపెనీ అడగకుండా వాడుకుంటే సరోనీ కోర్టుకెక్కాడు. ఫోటోకు కూడా కాపీరైట్ ఉంటుందని అమెరికా సుప్రీంకోర్టు 1884లో తేల్చింది. ఒక పబ్లిసిటీ ఫోటో మీద మొదలైన తగాదా ఫోటోగ్రాఫర్లందరికీ మేలు చేసింది.

సినిమాల విషయానికొస్తే, మొదట్లో కంపెనీలు నటుల పేర్లే బయటపెట్టేవి కావు. పేరొస్తే జీతం పెంచమంటారని భయం. ఫ్లోరెన్స్ లారెన్స్ అనే నటిని జనం 'బయోగ్రాఫ్ అమ్మాయి' అనే పిలిచేవారు, అది ఆమె పనిచేసిన కంపెనీ పేరు. కార్ల్ లెమ్లీ ఆమెను తన కంపెనీకి తెచ్చుకున్నాక, 1910లో ఆమె ట్రామ్ కింద పడి చనిపోయిందని ఒక వదంతి లేచింది. వెంటనే లెమ్లీ అది పచ్చి అబద్ధమని, ఆమె నిక్షేపంగా ఉందని ఆమె ఫోటోతో సహా పత్రికలో ప్రకటన వేయించాడు. ఆ వదంతి లెమ్లీ మనుషులే పుట్టించారని చాలామంది చరిత్రకారుల నమ్మకం. తర్వాత ఆమె సెయింట్ లూయిస్ వెళితే చూడ్డానికి జనం విరగబడ్డారు.

తర్వాత వచ్చింది నటి థీడా బారా. 1915 నుంచి ఫాక్స్ కంపెనీ ఆమెను సహారా ఎడారిలో పుట్టిన పిల్లగా ప్రచారం చేసింది. ఆమె పేరులోని అక్షరాలను అటూ ఇటూ మారిస్తే ఇంగ్లీషులో 'అరబ్ మృత్యువు' అని వస్తుందని కూడా చెప్పుకున్నారు. కాళ్ళ దగ్గర అస్థిపంజరంతో, కళ్ళ చుట్టూ దట్టంగా కాటుకతో ఫోటోలు వదిలారు. అసలు ఆమె ఒహాయోలోని సిన్సినాటి అమ్మాయి, పేరు థియోడోసియా గుడ్‌మన్.

ఆ ముఖాల్లో అంత మెరుపు ఎలా వచ్చేది? మేకప్పేనా?

హాలీవుడ్ ఫోటోగ్రాఫర్ జార్జ్ హరెల్ పద్ధతి చూస్తే సరిగ్గా ఉల్టా అనిపిస్తుంది. మేకప్ తీసేసి రమ్మనేవాడు. చర్మం మీద కాస్త నూనె మెరుపు ఉంటే వెలుతురు దాని మీద పడి తళుక్కుమంటుందని అతని లెక్క. హరెల్ 1904లో కెంటకీలో పుట్టాడు. చిత్రకారుడు అవుదామని కాలిఫోర్నియా వచ్చాడు. 1929లో నార్మా షియరర్ అనే నటి ఒక పాత్రకు తను సరిపోనని భర్త ఇర్వింగ్ థాల్‌బర్గ్ అనుకుంటున్నాడని, అతన్ని ఒప్పించే ఫోటోలు తీయమని హరెల్ దగ్గరికి వచ్చింది. థాల్‌బర్గ్ ఎం.జి.ఎం. స్టూడియోలో నిర్మాణాల పెద్ద. ఫోటోలు చూసి ఆ పాత్ర ఆమెకే ఇచ్చాడు, కొద్ది రోజులకే హరెల్‌కి ఉద్యోగం కూడా ఇచ్చాడు. నటీమణులు బిగుసుకుపోకుండా హరెల్ గ్రామఫోన్ పెట్టి, తనూ పాడుతూ, గంతులేస్తూ పనిచేసేవాడట.

అతని గొప్ప పనిముట్టు బూమ్ లైటు. పొడుగాటి కడ్డీ చివర చిన్న లైటు కట్టి, నటి తల మీదికి, జుట్టు వెనక్కి, ఎక్కడ కావాలంటే అక్కడికి తిప్పేవాడు. అందుకే అతని ఫోటోల్లో బుగ్గ ఎముక కింద నీడ కత్తితో కోసినట్టు ఉంటుంది.

మిగతాదంతా పెన్సిలు పని. మన పాత ఫోటో స్టూడియోల్లో నెగటివ్ టచింగ్ చేసేవాళ్ళను చూసినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. నెగటివ్‌లో ముడత దగ్గర పలచగా ఉంటుంది, వెలుతురు ఎక్కువ పోయి ప్రింటులో నల్లగీత పడుతుంది. నెగటివ్ మీద ఒక ద్రవం పూసి, ఆరాక సూదిలా చెక్కిన పెన్సిలుతో ఆ పలచని చోటును చుక్కచుక్కగా నింపుకుంటూ పోతే ప్రింటులో ముడత మాయం. నల్లగా చేయాల్సిన చోట సన్నని కత్తితో గీకేవారు. 1931లో హరెల్ తీసిన నటి జోన్ క్రాఫర్డ్ ఫోటో ఒకటుంది, టచింగ్‌కి ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టి చూపిస్తారు. ముందుదాంట్లో ముఖం, భుజాలు అంతా గోధుమరంగు చుక్కలు, కళ్ళ కింద సన్నని గీతలు. రెండోదాంట్లో పాలరాతి బొమ్మ. ఆ ఒక్క నెగటివ్ మీద జేమ్స్ షార్ప్ అనే టచింగ్ పనివాడు ఆరు గంటలు కూర్చున్నాడని చెబుతారు. నాకైతే మొదటిదే ఇష్టం. అందులో ఉన్నావిడ మన ఎదురుగా కూర్చున్నట్టుంటుంది.

ఆ చుక్కలు అంత నల్లగా ఎందుకు పడేవి?

ఫిల్ము వల్ల. ఆ రోజుల్లో బాగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు. ఎర్రని పెదవి నల్లగా, ముఖం మీద ఎరుపు కలిసిన మచ్చ ఇంకా నల్లగా పడుతుంది. అన్ని రంగులూ పట్టే పాన్‌క్రోమాటిక్ ఫిల్ము వాడకం పెరిగాక ఈ ఇబ్బంది తగ్గింది.

ఇదే ఫిల్ము ఉక్కు ఫ్యాక్టరీలో కూడా ఏడిపించింది. మార్గరెట్ బర్క్-వైట్ అనే యువ ఫోటోగ్రాఫర్ 1927-28లో క్లీవ్‌లాండ్‌లోని ఓటిస్ స్టీల్ కంపెనీలో కరిగిన ఉక్కు ఫోటోలు తీయబోయింది. కంటికి దీపావళిలా ఉన్న ఆ ఎర్రటి వెలుగు నెగటివ్ మీద పడనే లేదు. చివరికి తెల్లగా మండే మెగ్నీషియం కాగడాలు వెలిగించి తీసింది. ఆ ఫోటోలు చూసే ఫార్చ్యూన్ పత్రిక ఆమెను పిలిపించుకుంది. జోన్ క్రాఫర్డ్ బుగ్గ మీది చుక్కకూ ఓటిస్ కొలిమికీ ఒకే ఫిల్ముతో చిక్కు రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఫోటోగ్రాఫర్లలో ఆడవాళ్ళు ఉండేవారా?

ఉన్నారు. 1925లో ఎం.జి.ఎం. రూత్ హ్యారియట్ లూయిస్ అనే 22 ఏళ్ళ అమ్మాయిని పోర్ట్రెయిట్ ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకుంది. 1930 దాకా పనిచేసింది. పెద్ద స్టూడియోల్లో ఆ పని చేసిన మొదటి మహిళ ఆమే. నటి గ్రెటా గార్బో అమెరికా వచ్చిన తొలి ఏళ్ళలో ఆమెను పట్టుకున్న మంచి ఫోటోలు చాలావరకు లూయిస్‌వి. 1929 తర్వాత గార్బో గ్యాలరీ ఫోటోలు దాదాపు అన్నీ క్లారెన్స్ సింక్లెయిర్ బుల్ తీసినవి. లూయిస్ 1940లోనే చనిపోయింది. ఆమె పేరు మీద ఇంకా చాలా పుస్తకాలు రావాలి.

పారమౌంట్ స్టూడియోలో యూజీన్ రాబర్ట్ రిషీ పని చూడండి. 1928లో నటి లూయీజ్ బ్రూక్స్‌ను నల్ల దుస్తుల్లో నల్ల తెర ముందు నిలబెట్టాడు. దుస్తులూ తెరా కలిసిపోయి చీకటైపోతాయి. ఆ చీకట్లో ఒక పక్క ముఖం, రెండు చేతులు, కిందిదాకా వేలాడే ముత్యాల హారం మాత్రం మిగులుతాయి. అంతకు మించి ఏమీ లేదు ఆ ఫోటోలో. ఇంకేమీ అక్కర్లేదు కూడా.

కంపెనీ చెప్పినట్టల్లా నటులు ఫోజులివ్వాల్సిందేనా?

కాంట్రాక్టులో ఉన్నంతకాలం చాలావరకు అంతే. గార్బో వచ్చిన కొత్తలో ఆమెను పరుగుపందెం కుర్రాళ్ళతో మైదానంలో నిలబెట్టారు. ఒక సింహం పక్కన కూర్చోబెట్టారు. ఆ సింహం ఫోటోలో ఆమె కుర్చీ అంచున ముడుచుకుని ఉంటుంది, భయం దాచుకోవడం కూడా ఆమెవల్ల కాలేదు. పేరొచ్చాక అలాంటివి చేయనని తెగేసి చెప్పింది.

కంపెనీల మీద కూడా ఒక కాపలా ఉండేది. 1930లో నిర్మాతల సంఘం సినిమాలకు పెట్టుకున్న నియమావళితో పాటు ప్రకటనలకు కూడా ఒకటి పెట్టింది. 1934 నుంచి దాన్ని గట్టిగా అమలు చేశారు. ఆ రోజుల స్టిల్స్ వెనక ఆమోద ముద్ర కనిపించేది అందుకే. విసుగెత్తిన వైటీ షేఫర్ అనే ఫోటోగ్రాఫర్ 1940లో ఒకే ఫోటోలో పది నిషేధాలూ ఉల్లంఘించి చూపించాడు. చచ్చిపడున్న పోలీసు, తుపాకీ గురిపెట్టిన అమ్మాయి, మందు సీసా, మత్తుమందు, జూదం, లేసు లోదుస్తులు, తొడ, అన్నీ. పక్కనే ఆ పది నియమాల పట్టికా పెట్టాడు.

నల్లజాతి కళాకారులకు ఇలాంటి ఫోటోలు దక్కేవా?

దక్కినవి తక్కువ. తీసినవాటిని చూపించడంలోనూ అన్యాయం జరిగింది. 1939 డిసెంబర్‌లో అట్లాంటాలో 'గాన్ విత్ ద విండ్' ప్రీమియర్ జరిగినప్పుడు అక్కడ పంచిన పుస్తకంలోంచి ఆ సినిమాలో నటించిన హ్యాటీ మెక్‌డానియల్ ఫోటో తీసేశారు. వర్ణవివక్ష చట్టాల వల్ల ఆమె ఆ ప్రీమియర్‌కు కూడా వెళ్ళలేకపోయింది. రెండు నెలలకు అదే పాత్రకు ఆమెకు ఆస్కార్ వచ్చింది.

న్యూయార్క్‌లో జేమ్స్ క్రీగ్స్‌మన్ స్టూడియో మాత్రం గాయకుడు క్యాబ్ క్యాలొవే, నృత్యకారుడు బిల్ రాబిన్సన్ లాంటివారిని ఏ హాలీవుడ్ తారకూ తీసిపోని శ్రద్ధతో తీసింది. ఫోటో కింద తెల్లని అంచు మీద ఆ స్టూడియో పేరు చూస్తే వదలకండి.

ఫ్యాక్టరీల ఫోటోలను కూడా మీరు ఇందులోనే ఎందుకు కలుపుతారు?

పని ఒక్కటే కనుక. 1913 ఆగస్టులో ఫోర్డ్ కంపెనీ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ బయట ఒక రోజు తయారైన కారు చట్రాలన్నీ, సుమారు వెయ్యి, వరసలుగా పేర్చి ఫోటో తీయించి పత్రికలకు పంపింది. 'ఒక్కరోజులో ఇన్ని!' అని జనం నోళ్ళు వెళ్ళబెట్టాలని. సినిమా తారకు బూమ్ లైటు ఎలాగో ఫోర్డ్‌కు ఆ వరసలు అలాగ.

1927లో కొత్త మోడల్ వస్తున్నప్పుడు ఫోర్డ్ తరఫున ఎన్.డబ్ల్యూ. ఎయర్ అనే ప్రకటనల కంపెనీ ఫోటోగ్రాఫర్ చార్ల్స్ షీలర్‌ను రివర్ రూజ్ ఫ్యాక్టరీకి పంపింది. అతను తీసిన గొట్టాలు, కన్వేయర్లు గుడి గోపురాల్లా ఉంటాయి. చాలా అందమైన ఫోటోలు, ఒప్పుకుంటాను. కానీ వేలమంది పనిచేసే చోట మనుషులు ఎక్కడో చీమల్లా తప్ప కనిపించరు. లూయిస్ హైన్ అలా కాదు. 1930లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కడుతున్నప్పుడు కంపెనీ డబ్బుతోనే తీశాడు, అదీ పబ్లిసిటీయే. క్రేన్‌కు కట్టిన బుట్టలో వేలాడుతూ తీశాడు. అతని ఫోటోలో కేబుల్ పట్టుకున్న కుర్రాడి ముంజేతి నరాలు కనిపిస్తాయి. నేను రోజంతా చూడమన్నా హైన్ ఫోటోలే చూస్తాను.

దూలం మీద వరసగా కూర్చుని భోజనం చేసే కూలీల ఫోటో నిజమేనా?

ఎత్తు నిజం, మనుషులు నిజం, సన్నివేశం ఏర్పాటు చేసింది. 1932 సెప్టెంబర్ 20న న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ సెంటర్ ఆర్.సి.ఏ. భవనం 69వ అంతస్తు దగ్గర తీశారు. నేలకు సుమారు 850 అడుగులు. పదకొండు మందీ అక్కడ నిజంగా ఇనుప పని చేసేవాళ్ళే. అది మాంద్యం కాలం. కొత్త భవనాల గురించి జనం మాట్లాడుకోవాలని యాజమాన్యం ఆ ఫోటోలు తీయించింది. అక్టోబర్ 2న హెరాల్డ్ ట్రిబ్యూన్ ఆదివారం అనుబంధంలో అచ్చయింది.

తీసిందెవరు? చార్ల్స్ ఎబెట్స్ పేరు చాలాచోట్ల కనిపిస్తుంది. కానీ ఆ రోజు అక్కడ ఇంకా కనీసం ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఉన్నారు, కాబట్టి అది తేలలేదు. కూర్చున్నవాళ్ళ పేర్లూ అంతే. మేం ఫలానావాళ్ళ మనవలమని ఎందరో వచ్చారు. రాక్‌ఫెల్లర్ సెంటర్ దాచిన వేరే ఫోటోల మీద పేర్లు రాసి ఉండటంతో, ముఖాలు పోల్చి ఇద్దరిని గుర్తుపట్టారు. జోసెఫ్ ఎక్నర్, జో కర్టిస్. అసలు గాజు నెగటివ్ పగిలి ముక్కలైంది. పెన్సిల్వేనియాలో భూగర్భ నిల్వకేంద్రంలో ఆ ముక్కలను భద్రంగా ఉంచారు.

మార్లిన్ మన్రో మొదట ఫ్యాక్టరీలో పనిచేసిందట, నిజమా?

నిజం. 1944-45 ప్రాంతంలో కాలిఫోర్నియాలో వాన్ నైస్‌లోని రేడియోప్లేన్ ఫ్యాక్టరీ. సైన్యం ఫిరంగి సాధనకు వాడే పైలట్ లేని చిన్న విమానాలు అక్కడ చేసేవారు. అప్పటికి ఆమె పేరు నార్మా జీన్ డోహర్టీ. యుద్ధకాలంలో పనిచేసే ఆడవాళ్ళ ఫోటోలు తీసి సైనికుల ఉత్సాహం పెంచాలని సైన్యం సినిమా విభాగం నుంచి డేవిడ్ కొనోవర్ వచ్చాడు. చేతిలో ప్రొపెల్లర్‌తో, నడుముకు గుర్తింపు కార్డుతో నవ్వుతున్న ఆ అమ్మాయి ఫోటోలు అప్పటివే. ఏడాది తిరక్కుండానే మోడల్ అయింది, 1946లో ఫాక్స్ కాంట్రాక్టు వచ్చింది. ఫ్యాక్టరీ పబ్లిసిటీ సినిమా పబ్లిసిటీగా మారడం ఇంత సూటిగా ఇంకెక్కడా చూడలేదు.

మీరు ఎప్పుడూ వెనకవైపు చూడమంటారు. అక్కడేముంటుంది?

ముందు నవోమీ పార్కర్ కథ చెప్పాలి.

తలకు చుక్కల గుడ్డ కట్టుకుని, మోచేయి మడిచి కండ చూపించే అమ్మాయి పోస్టర్ మీరు టీషర్టుల మీద చూసే ఉంటారు. వెస్టింగ్‌హౌస్ కంపెనీ తన ఫ్యాక్టరీల్లో రెండు వారాల పాటు అతికించడానికి 1943లో జె. హోవర్డ్ మిల్లర్ చేత వేయించింది. చాలా ఏళ్ళ తర్వాత అది ఒక ఫోటో చూసి వేసిందన్న ప్రచారం వచ్చింది. లేత్ మెషిన్ మీద వంగి పనిచేస్తున్న, చుక్కల గుడ్డ కట్టుకున్న అమ్మాయి ఫోటో అది. మిషిగన్‌కు చెందిన జెరల్డీన్ డాయల్ అది తనేనని మనస్ఫూర్తిగా నమ్మింది, పత్రికలూ అలాగే రాశాయి. అప్పటికి వృద్ధురాలైన నవోమీ కాలిఫోర్నియాలో ఒక ప్రదర్శనలో ఆ ఫోటో చూసి, అది నేనే కదా, కింద ఇంకొకరి పేరుందేమిటని తెల్లబోయింది. చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు.

జేమ్స్ కింబల్ అనే ప్రొఫెసర్ ఆరేళ్ళు వెతికి ఆ ఫోటో పాత ప్రింటు ఒకటి పట్టుకున్నాడు. వెనక పసుపు పట్టిన కాగితం అంటించి ఉంది. తేదీ 1942 మార్చి 24. చోటు అలమీడా నౌకాదళ విమాన స్థావరం. పేరు నవోమీ పార్కర్. ఆమె ముక్కు మెషిన్‌లో ఇరుక్కునేలా ఉందని ఒక సరదా వాక్యం కూడా ఉంది. ఆ చిన్న కాగితం ముక్క ఆమె పేరు ఆమెకు తిరిగి ఇచ్చింది. 2016లో కింబల్ రాసింది అచ్చయింది, 2018లో ఆమె 96 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. పోస్టర్ నిజంగా ఆ ఫోటో చూసే వేశారనడానికి ఆధారం లేదు. ఆ ఫోటోలో ఉన్నది ఎవరనేది మాత్రం ఇప్పుడు సందేహం లేని విషయం.

ఇప్పుడు మీ చేతిలో ఫోటో. వెనక అంటించిన టైపు కాగితాన్ని సేకరించేవాళ్ళు స్నైప్ అంటారు. దాన్ని ఊడదీయకండి, చిరిగి ఉన్నా సరే. ఫోటోగ్రాఫర్ రబ్బరు ముద్ర, పత్రికకు అందిన తేదీ ముద్ర, కాలమ్ వెడల్పు కోసం పెన్సిలుతో గీసిన గీతలు, ఇవన్నీ ఆ ఫోటో తిరిగిన దారి. ముందువైపు మూలన చిన్న అంకెలుంటే అడ్డగీతకు ముందుది సినిమా నంబరు, తర్వాతది స్టిల్ నంబరు. 1940 తర్వాత నేషనల్ స్క్రీన్ సర్వీస్ పంచిన కార్డుల మీద 49/215 లాంటి అంకె ఉంటే 49 అంటే 1949. ముందు ఇంగ్లీషు ఆర్ అక్షరం ఉంటే రెండోసారి విడుదలప్పటిది.

సినిమా పోయి స్టిల్స్ మాత్రం మిగలడం ఉంటుందా?

చాలా ఎక్కువ. అమెరికా మూకీ సినిమాలు సుమారు 11,000. వాటిలో విడుదలైన రూపంలో మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013 నివేదిక. ఆ రోజుల్లో వాడిన నైట్రేట్ ఫిల్ము దానంతటదే అంటుకునే రకం. 1937 జూలైలో న్యూజెర్సీలో లిటిల్ ఫెర్రీ అనే ఊళ్ళో ఫాక్స్ గిడ్డంగి తగలబడింది. థీడా బారా సినిమాలు చాలావరకు అందులో పోయాయి. 1917 నాటి ఆమె 'క్లియోపాత్రా' ఇప్పుడు కొద్దిపాటి ఫిల్ము ముక్కలు, బోలెడు స్టిల్స్. న్యూజెర్సీలోనే ఎడిసన్ అనే ఊళ్ళో ఉండే మనవాళ్ళకు లిటిల్ ఫెర్రీ కారులో ముప్పావుగంట దూరం. నేనొకసారి వెళ్ళాను. మామూలు వీధి, మామూలు ఇళ్ళు. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

1927 నాటి 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' కూడా లేదు. 2002లో టర్నర్ క్లాసిక్ మూవీస్ ఛానల్ స్టిల్స్‌ను వరసగా పేర్చి ఆ కథను మళ్ళీ చూపించింది. పత్రికలకు ఉచితంగా పంచిన కాగితాలే ఇప్పుడు ఆ సినిమా.

అసలుదో తర్వాత వేసిందో ఎలా గుర్తుపట్టాలి?

నేను మోసపోయి నేర్చుకున్నాను. 1930ల నాటిదని ఒకాయన చెబితే 60 డాలర్లిచ్చి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే కాగితం వెనక ప్లాస్టిక్‌లా నున్నగా ఉంది. ఆ పూత కాగితం 1970ల తర్వాత మామూలైంది. అసలు పాత కాగితం గట్టిగా ఉంటుంది, అంచులు కాస్త ముడుచుకుంటాయి. నల్లని చోట్లను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే వెండి పూసినట్టు నీలిమెరుపు కనిపించవచ్చు. కరెన్సీ నోట్లు చూసే అల్ట్రావయొలెట్ లైటు వేయండి. తెలుపు కోసం కలిపే రసాయనాలు 1950ల నుంచి కాగితంలో వచ్చాయి. 1930ల ఫోటో నీలంగా వెలిగిపోతే అనుమానించాలి.

సంతకం ఉందని ఎక్కువ డబ్బు పెట్టకండి. నటి జీన్ హార్లో ఫోటోల మీద సంతకాలు చాలావరకు ఆమె తల్లివి.

నా యూట్యూబ్ వీడియోలో వాడుకోవచ్చా?

అమెరికాలో అచ్చయి 95 ఏళ్ళు దాటినవి ఎవరైనా వాడుకోవచ్చు. 1978కి ముందు కాపీరైట్ గుర్తు లేకుండా ప్రచురించినవి కూడా అక్కడ స్వేచ్ఛగా వాడుకోదగ్గవే, స్టూడియోలు చాలాసార్లు ఆ గుర్తు వేయలేదు. 1963 దాకా వచ్చినవాటికి గుర్తున్నా, 28వ ఏట రెన్యూవల్ చేయించకపోతే హక్కు పోయినట్టే. మన దేశంలో 2012 సవరణ తర్వాత ఫోటోలకు హక్కు ఫోటోగ్రాఫర్ చనిపోయాక 60 ఏళ్ళ దాకా. కానీ ఇవన్నీ ఫోటో హక్కుల సంగతి. ఆ ముఖాన్ని సబ్బు ప్రకటనకు వాడటం వేరే. కాలిఫోర్నియా చట్టం ప్రకారం మనిషి పోయాక 70 ఏళ్ళ దాకా ఆ హక్కు వారసులది.

కోస్తాలో ఉంటాం, ఉక్కపోత. ఫోటోలు ఎలా దాచాలి?

బూజే పెద్ద శత్రువు. పాలియెస్టర్ కవరులో ఒక్కోటి, ఆసిడ్ లేని అట్టపెట్టె, పక్కన సిలికా జెల్ సంచి. వానాకాలం దాటాక సంచి మార్చండి. ల్యామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అసలొద్దు. గోడకు పెట్టాలనిపిస్తే స్కాన్ చేసి ఆ కాపీ పెట్టండి. స్కాన్ చేసేటప్పుడు వెనకవైపు కూడా చేయండి. వెనక మీరేమైనా రాయాలంటే మెత్తని పెన్సిలుతో, అంచున, మెల్లగా రాయండి. పాత నెగటివ్‌లు దొరికి, వాటి మీద సేఫ్టీ అని లేకపోతే అవి నైట్రేట్ కావచ్చు. ఇంట్లో పెట్టుకోకుండా ముందు తెలిసినవాళ్ళకు చూపించండి.

కొనకుండా చూడాలంటే?

లాస్ ఏంజెలిస్ దగ్గర బెవర్లీ హిల్స్‌లో ఆస్కార్ అకాడమీ వారి మార్గరెట్ హెరిక్ లైబ్రరీలో కోటికి పైగా ఫోటోలున్నాయి, కొన్ని ఆన్‌లైన్‌లోనూ చూడొచ్చు. నాటకాల ఫోటోలకు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోని బిల్లీ రోజ్ విభాగం. 1910ల ఫోటోలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బెయిన్ సేకరణ, గాజు నెగటివ్‌లే సుమారు 40,000, ఇంట్లో కూర్చుని పెద్ద సైజులో దించుకోవచ్చు. పాత అభిమాన పత్రికల కోసం మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీ అని వెతకండి, పైసా ఖర్చు లేదు. ఫోటో ఏ సంచికలో ఏ మాటలతో అచ్చయిందో అక్కడ దొరుకుతుంది. నా పెట్టెల్లో పేరు తెలియని ముఖాలు నలభైకి పైగా ఉండేవి. ఆ పత్రికలు తిరగేస్తూ పదకొండు మందిని గుర్తుపట్టాను, మిగతావాళ్ళ కోసం ఇంకా వెతుకుతున్నాను.